ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే బిల్డింగ్‌లో ఉండొచ్చని అధికారులు ఇచ్చే పత్రం) రాకముందే రిజిస్ట్రేషన్ చేసుకోమంటున్నారు, చేసుకోవచ్చా? (బెంగళూరు, మొదటిసారి కొంటున్నాం)

కదిరి కుర్రాడు:

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం, మొదట మారతహళ్లి, ఇప్పుడు హూడి, రెండు చోట్లా అద్దె ఇల్లే. ఇన్నాళ్లకి ధైర్యం చేసి వర్తూరు దాటాక సర్జాపుర వైపు వెళ్లే రోడ్డులో ఒక కొత్త అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూశాం. ఎనిమిది అంతస్తులు, మాది ఐదో అంతస్తు, రెండు బెడ్‌రూములు, తూర్పు ముఖం. బిల్డింగ్ మొత్తం పూర్తయినట్టే కనిపిస్తోంది, రంగులు వేసేశారు, లిఫ్టు తిరుగుతోంది, గేటు దగ్గర మొక్కలు కూడా నాటారు.

ధర 98 లక్షలు. ఇప్పటికి 9 లక్షలు కట్టాం. బ్యాంకు 72 లక్షల లోన్ శాంక్షన్ చేసింది. మిగతాది మా సేవింగ్స్, ఇంకా నాన్న మా ఊరి దగ్గర రెండెకరాలు అమ్మి ఇచ్చిన డబ్బు. నాకు టెన్షన్ అంతా ఆ డబ్బు గురించే.

బిల్డర్ తరఫు మనిషి వారం నుంచి రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఓసీకి అప్లై చేశాం, పది పదిహేను రోజుల్లో వచ్చేస్తుంది, ఈలోపు రిజిస్ట్రేషన్ పెట్టుకుని బ్యాలెన్స్ ఇచ్చేయండి, నెల దాటితే ఈ రేటు ఉండదు అంటున్నాడు. అగ్రిమెంట్ స్టాంప్ పేపర్ మీద రాసుకున్నాం కానీ రిజిస్టర్ చేయలేదు, సేల్ డీడ్ ఎలాగూ చేస్తున్నాం కదా దానికెందుకు డబ్బు దండగ అన్నారు. ఇంకోపక్క నాన్న మా పురోహితుడితో వైశాఖంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించారు, అది దాటితే మళ్లీ శ్రావణం దాకా ఆగాలి అంటున్నారు. బంధువులకి ఫోన్లు కూడా చేసేశారు.

మా ఇంట్లో ఫ్లాట్ కొన్నవాళ్లు ఎవరూ లేరు. ఊళ్లో ఇళ్లంటే స్థలం మనది, మేస్త్రీ మనవాడు, అంతే. ఓసీ లేకుండా రిజిస్టర్ చేసుకుంటే నిజంగా అంత ప్రమాదమా? డబ్బు ఇచ్చేముందు ఇంట్లో ఏం చూసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

హొరమావు వాసి:

చేసుకోకండి. ఇదే పని మేం చేశాం, అదే పది పదిహేను రోజుల మాట విని. మూడేళ్ల రెండు నెలలయింది, ఓసీ ఇంకా రాలేదు.

ఏమవుతుందో చెప్తాను, ఎందుకంటే కొనేటప్పుడు మాకు ఇది ఎవరూ చెప్పలేదు. రిజిస్ట్రేషన్ అయిపోయింది, తాళాలు ఇచ్చారు, పాలు పొంగించాం, అంతా బాగానే ఉంది. కరెంటు మాత్రం కన్‌స్ట్రక్షన్ కోసం తీసుకున్న టెంపరరీ కనెక్షన్ మీదే నడుస్తోంది, దాని రేటు మామూలు ఇంటి రేటు కంటే ఎక్కువ, ఒకటే మీటరు, 60 ఇళ్లు పంచుకుంటాం. ప్రతి నెలా ఎవరింట్లో ఎన్ని ఏసీలు ఉన్నాయని గ్రూపులో గొడవ. పర్మనెంట్ కనెక్షన్ అడిగితే ఓసీ తెమ్మన్నారు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలని. అంతకుముందు ఎలాగోలా నడిచేవి కూడా ఆ తర్వాత ఆగిపోయాయి.

నీళ్లు బోరు, ట్యాంకరు. 2024 మార్చిలో బోర్లు ఎండినప్పుడు మా పాపకి స్నానానికి బకెట్‌లో సగం నీళ్లే పోసేదాన్ని, ఆ సగం నీళ్లు మళ్లీ టాయిలెట్‌కి. కోటి దగ్గర పెట్టి కొన్న ఇంట్లో.

అన్నిటికంటే బాధ ఏమిటంటే, డబ్బు మొత్తం ముట్టాక బిల్డర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. మీ చేతిలో ఉన్న బలం ఆ మిగిలిన డబ్బు ఒక్కటే. అది వదలకండి.

బేగూరు పాతకాపు:

భయపెట్టడం కాదు కానీ రెండో వైపు కూడా చెప్పాలి. నేను పదకొండేళ్లుగా ఓసీ లేని బిల్డింగ్‌లోనే ఉంటున్నా. కరెంటు ఉంది, నీళ్లు ఉన్నాయి, పన్ను కడుతున్నా. ఈ ఊళ్లో ఓసీ ఉన్నవే కొంటానంటే దొరికేవి కొన్నే, వాటి రేటు కూడా వేరు. మరీ అంత కంగారు పడక్కర్లేదు, బిల్డర్ మంచివాడా కాదా అనేది చూసుకోండి, అతను ఇంతకుముందు కట్టిన బిల్డింగులకి వెళ్లి అక్కడున్నవాళ్లని అడగండి.

హొరమావు వాసి:

పాతకాపు గారూ, మీరు కొన్న రోజుల్లో కనెక్షన్ దొరికేది అండీ. ఇప్పుడు కొనేవాళ్లకి అదే దొరకడం లేదు, నేను చెప్పేది ఆ తేడా. పాత బిల్డింగులకి వెళ్లి అడగమన్నది మాత్రం బంగారంలాంటి మాట, మేం అది కూడా చేయలేదు.

లోన్ ఫైళ్ల మనిషి:

తమ్ముడూ, నేను హోమ్ లోన్ల విభాగంలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నా, వైట్‌ఫీల్డ్ వైపు ఫైళ్లే ఎక్కువ చూస్తా. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఒక అపోహ. బ్యాంకు లోన్ ఇచ్చిందంటే కాగితాలన్నీ సరిగ్గా ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు తిరిగి వస్తుందా లేదా అని. నీకు నెలనెలా ట్యాంకరు ఖర్చు ఎంతవుతుందో అది బ్యాంకు సమస్య కాదు, నువ్వు ఎలాగూ ఈఎంఐ కడతావు. అందుకని సొంత లాయర్ని పెట్టుకో, బిల్డర్ చూపించిన లాయర్ని కాదు.

రిజిస్టర్ చేయని అగ్రిమెంట్ గురించి. రెరా చట్టం (బిల్డర్లని అదుపులో పెట్టే రియల్ ఎస్టేట్ చట్టం) 13వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. నీ దగ్గర 9 లక్షలు తీసుకుని ఆగారు చూశావా, 98 లక్షల్లో 10 శాతం అంటే 9 లక్షల 80 వేలు. వాళ్లకి చట్టం తెలుసు. దండగ అన్న ఆ అగ్రిమెంటే రేపు ఆలస్యమైతే నీకు ఆధారం. పొజెషన్, అంటే ఇల్లు ఏ తేదీకి స్వాధీనం చేస్తామన్నారో అందులో ఉంటుంది, ఆ తేదీ తప్పితే వడ్డీ అడగడానికైనా, వద్దనుకుని డబ్బు వెనక్కి అడగడానికైనా 18వ సెక్షన్ పనికొస్తుంది.

నిజానికి చట్టంలో వరుసే వేరు. ముందు ఓసీ తెచ్చే బాధ్యత బిల్డర్‌ది. అది వచ్చాక రెండు నెలల్లో నువ్వు ఇల్లు స్వాధీనం చేసుకోవాలి. నిన్ను ఆ వరుస తిరగేసి నడవమంటున్నారు.

కర్ణాటక రెరా సైట్‌లో ప్రాజెక్టు పేరు కొట్టు. మంజూరైన ప్లాను, పూర్తి కావాల్సిన తేదీ, మూడు నెలలకోసారి బిల్డరు ఇచ్చే అప్‌డేట్లు, కేసులుంటే అవీ ఉంటాయి. ప్లాను ఎవరు మంజూరు చేశారో చూసి, ఓసీ దరఖాస్తు కాపీ, దానికి ఇచ్చిన రసీదు అడుగు. అప్లై చేశాం అన్నవాళ్ల దగ్గర ఆ రసీదు ఉండాలి కదా. ఒకవేళ ఓసీ కాగితం చూపిస్తే అది మీ బ్లాకుకేనా, ఐదో అంతస్తు అందులో ఉందా చూసుకో, కొన్నిసార్లు కొంత భాగానికే ఇస్తారు. కన్నడలో స్వాధీనానుభవ పత్రం అని ఉంటుంది. కన్నడ అక్షరాలు మనకి ఎలాగూ దగ్గరే, నాలుగు లైన్లు కూడబలుక్కుంటే అర్థమవుతాయి.

ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే పత్రం) రిజిస్ట్రేషన్ శాఖ కావేరి సైట్‌లో తీసుకోవచ్చు, కనీసం 30 ఏళ్లది లాయరుకివ్వు, మదర్ డీడ్ (మొదటి మూలపత్రం) నుంచి లింక్ డాక్యుమెంట్లు తెగకుండా రావాలి. ఆ స్థలం వ్యవసాయ భూమి అయితే కన్వర్షన్ ఆర్డర్ ఉండాలి. ఈ-ఖాతా (ఆస్తి ఎవరిదో చూపించే ఆన్‌లైన్ రికార్డు) లేకుండా 2024 చివరి నుంచి బెంగళూరులో రిజిస్ట్రేషనే జరగదు, అది ఏ రకం ఖాతాయో, ఎవరి పేరు మీద ఉందో చూడు. ఇంకోటి, దిశాంక్ యాప్‌లో సర్వే నంబరు కొడితే పక్కన చెరువు గానీ రాజకాలువ (వాననీటి పెద్ద కాలువ) గానీ ఉందేమో మ్యాపు మీద కనిపిస్తుంది. వర్తూరు, బెళ్లందూరు వైపు 2022 సెప్టెంబరులో పడవల మీద జనాన్ని దాటించారు, మర్చిపోవద్దు.

ఇక డబ్బు లెక్క, ఇందులోనే మొదటిసారి కొనేవాళ్లు దెబ్బతింటారు. 98 లక్షలకి లోన్ 72 పోతే 26. స్టాంపు డ్యూటీ 5 శాతం, దానిమీద సెస్సు, సర్‌చార్జి కలిపి 5.6. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 1 శాతం కాదు, 2. మొత్తం 7.6 శాతం, అంటే దాదాపు 7 లక్షల 45 వేలు. జీఎస్టీ 5 శాతం, 4 లక్షల 90 వేలు. ఇవన్నీ కలిపితే నీ చేతి నుంచి 38 లక్షలు దాటుతుంది, మెయింటెనెన్స్ డిపాజిట్, కబోర్డులు, ఫ్యాన్లు ఇందులో లేవు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చుని బ్యాంకు ఇంటి విలువలో కలపదు, అవి చేతి డబ్బే.

జీఎస్టీ దగ్గర ఒక మాట. ఓసీ వచ్చాక, ఒక్క రూపాయి కూడా ముందు కట్టకుండా కొన్నవాళ్లకి జీఎస్టీ లేదు. నువ్వు 9 లక్షలు కట్టేశావు కాబట్టి నీకు తప్పదు. ఇది ఇప్పుడు ఫ్లాట్లు చూస్తున్న మిగతావాళ్లు గుర్తుపెట్టుకోండి. రెడీ టు మూవ్ అని చెప్పి జీఎస్టీ అడిగారంటే ఆ బిల్డింగ్‌కి ఓసీ లేదని వాళ్ల నోటితో వాళ్లే చెప్పినట్టు.

ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (బిల్డర్‌కి ఇచ్చే డబ్బులోంచి ముందే మినహాయించే పన్ను) నువ్వే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, ఇప్పటిదాకా ఇచ్చిన 9 లక్షల మీద కూడా. అది పట్టావో లేదో రాయలేదు, పట్టకపోతే వెంటనే ఆడిటర్‌ని కలువు.

కదిరి కుర్రాడు:

అన్నా, చాలా చాలా థ్యాంక్స్. టీడీఎస్ సంగతి నాకు అస్సలు తెలియదు, రేపే వెళ్తా. జీఎస్టీతో కలిపి లెక్క వేసుకుంటే మేం అనుకున్నదానికంటే ఐదు లక్షలు పైగా తక్కువ పడుతోంది, ఇంటీరియర్స్ మాట మర్చిపోవాల్సిందే. ఈ శనివారం నాన్న ఊరి నుంచి వస్తున్నారు, ఫ్లాట్ చూపించడానికి తీసుకెళ్తున్నా. అప్పుడు ఏం చూడాలో ఎవరైనా చెప్పగలరా? సేల్స్ వాళ్లు తీసుకెళ్తే పది నిమిషాల్లో తిప్పి బయటికి తెచ్చేస్తున్నారు.

సైట్ ఇంజనీరు:

పది నిమిషాలు కాదు, సగం రోజు అడగండి, పగటి వెలుగులో. ఇవ్వనంటే అదే మీకు సమాధానం. వీలైతే వాన పడిన మర్నాడు వెళ్లండి, కిటికీల కింద గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే చెమ్మ తెలుస్తుంది, బేస్‌మెంట్‌లో నీళ్లు ఎక్కడ నిలిచాయో కూడా కనిపిస్తుంది.

నేను పది రూపాయల బిళ్ల, ఒక గోళీ, టేపు, మూడు పిన్నుల సాకెట్ టెస్టరు, ఒక రసమట్టం తీసుకెళ్తా. బిళ్లతో ప్రతి టైలునీ నాలుగు మూలలా, మధ్యలో తట్టండి. కింద సిమెంటు నిండుగా ఉంటే గట్టి శబ్దం వస్తుంది, లేకపోతే డొల్లగా మోగుతుంది, చెవికి వెంటనే తెలిసిపోతుంది. డొల్ల టైలు మీద రేపు బీరువా కాలు పడితే పగులుతుంది. దొరికిన ప్రతిదాని మీదా మాస్కింగ్ టేపు అంటించి ఫొటో తీయండి.

అన్నిటికంటే ముఖ్యం బాత్‌రూములు, వాష్ ఏరియా. గోళీని గుమ్మం దగ్గర వదిలితే నహానీ ట్రాప్ (నీళ్లు బయటికి పోయే జాలీ) వైపు దొర్లాలి, గుమ్మం వైపు వస్తే వాటం తప్పినట్టే. తర్వాత ట్రాప్‌కి ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన గుడ్డ కుక్కి, గుమ్మం దగ్గర చిన్న సిమెంటు గట్టు కట్టించి, రెండంగుళాల నీళ్లు నింపండి. గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి తలుపు వేసి తాళం మీ దగ్గరే ఉంచుకోండి. ఒక రోజు తర్వాత ఆ గీత చూడండి, ఆపైన నాలుగో అంతస్తుకి దిగి సరిగ్గా దాని కింది సీలింగ్ చూడండి. వాటర్‌ప్రూఫింగ్ బాగుందా లేదా అనేది ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు టైలు పగలగొట్టి చేయించడం బిల్డర్ ఖర్చు, మీరు చేరాక కింది ఇంటివాళ్లతో పడే తగాదా మీ ఖర్చు.

ప్రతి సాకెట్‌లో టెస్టరు పెట్టండి, ఎర్త్ లేని సాకెట్లు కొత్త ఇళ్లలో చాలా చూశాను, ముఖ్యంగా గీజరుది వదలకండి. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి షవరు కింద చెయ్యి పెట్టి చూడండి.

గదులు కొలిచేటప్పుడు రెరా కార్పెట్ ఏరియాతో సరిచూడండి, సూపర్ బిల్టప్‌తో (ఉమ్మడి స్థలం కూడా కలిపిన కొలత) కాదు. లోపలి గోడల మందం అందులో కలుస్తుంది, బయటి గోడలు, బాల్కనీ కలవవు, ఇది తెలియక చాలామంది అనవసరంగా గొడవపడతారు.

లోపాలన్నీ మెయిల్‌లో పంపండి, నోటిమాట వద్దు. పొజెషన్ తీసుకున్న తేదీ నుంచి ఐదేళ్ల లోపు కట్టుబడిలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలని రెరా 14వ సెక్షన్ చెప్తుంది. అలా అని చేరాక చేయించుకుందాంలే అనుకోవద్దు. చేరకముందు ఒక్క మేస్త్రీ చేసే పనికి చేరాక పది ఉత్తరాలు రాయాలి.

చిత్తూరు ఆడపడుచు:

కాగితాల గురించి అందరూ చెప్పారు, నేను మీ నాన్నగారి గురించి రాస్తున్నా. మా మామగారు కూడా ఇలాగే ముహూర్తం పెట్టించి అందరికీ చెప్పేశారు, ఆయన మాట పోతుందని మావారు తలొంచి రిజిస్టర్ చేయించేశారు. ఆ తర్వాత లిఫ్టు లేని నాలుగు నెలలు మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లెక్కింది మా మామగారే.

నాన్నగారికి దాచకుండా చెప్పండి తమ్ముడూ. పొలం అమ్మి ఇచ్చిన మనిషికి ఆ పొలం డబ్బు ఎక్కడికి పోతోందో తెలుసుకునే హక్కుంది. మనమే అనుకుంటాం పెద్దవాళ్లు వినరని. ఇంకో సంగతి, ముహూర్తం కోసం ముందు పూజ చేసుకోనిస్తాం, తాళాలు తర్వాత ఇస్తాం అని కూడా అంటారు, దానికీ ఒప్పుకోకండి. ఒకసారి పాలు పొంగాక ఇక వెనక్కి రావాలంటే మనసొప్పదు, అది వాళ్లకీ తెలుసు.

కదిరి కుర్రాడు:

రెండు వారాలయింది, ఏం జరిగిందో రాస్తున్నా.

దరఖాస్తు రసీదు అడిగాను. మొదట రేపు అన్నారు, తర్వాత అది ఆఫీసు కాపీ బయటికి ఇవ్వం అన్నారు. ప్లాను మంజూరు చేసిన ఆఫీసుకి నేనే వెళ్లాను, లైన్లో నిలబడి ప్రాజెక్టు నంబరు ఇచ్చి అడిగితే ఓసీకి అసలు దరఖాస్తే రాలేదని చెప్పారు. అక్కడే బెంచీ మీద కాసేపు కూర్చుండిపోయాను.

శనివారం నాన్నతో ఫ్లాట్‌కి వెళ్లాం. ఇంజనీరు గారు చెప్పినట్టే బిళ్ల ఇచ్చాను, నాన్న మోకాళ్ల మీద కూర్చుని హాలు మొత్తం తట్టారు, హాల్లో పదకొండు టైళ్లు డొల్ల. పెద్ద బాత్‌రూములో నీళ్లు కట్టి ఆదివారం పొద్దున్న వెళ్లి చూస్తే పెన్సిల్ గీత కంటే వేలెడు కిందికి దిగింది, నాలుగో అంతస్తు సీలింగ్ మీద పళ్లెమంత తడి మచ్చ. సూపర్‌వైజరు అది ఆవిరైపోయిందన్నాడు. నాన్న ఆ మచ్చ వైపు చూపించి, మరి ఇది కూడా ఆవిరేనా బాబూ అని మెల్లగా అడిగారు, అతను ఇంకేం మాట్లాడలేదు.

ఓసీ సంగతి నాన్నకి ఆరోజు రాత్రే చెప్పాను. నేను భయపడ్డట్టు ఏం జరగలేదు. మన పొలం కొన్నవాళ్లు పాస్‌బుక్కు, అడంగల్, 1బి, ఈసీ అన్నీ తెమ్మని నన్ను నెల రోజులు తిప్పారు, సర్వేయర్ని తెచ్చి గట్లు కూడా కొలిపించారు, మరి ఆ డబ్బుతో కొనేటప్పుడు మనం ఊరికే సంతకం పెడతామా అన్నారు. బంధువులందరికీ ఆయనే ఫోన్ చేసి వాయిదా పడిందని చెప్పేశారు.

బిల్డర్ ఆఫీసుకి లాయరుతో వెళ్లాం. రేటు పెరుగుతుంది అన్న మాట ఆరోజు ఒక్కసారి కూడా రాలేదు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయడానికి ఒప్పుకున్నారు, పొజెషన్ తేదీ, ఓసీ వచ్చాకే సేల్ డీడ్, బ్యాలెన్స్ కూడా అప్పుడే అని అందులో రాస్తున్నారు, డ్రాఫ్టు ప్రస్తుతం మా లాయరు చూస్తున్నారు. లోన్ శాంక్షన్‌కి గడువుంది కాబట్టి, దాటితే ఏం చేయాలో బ్యాంకుని అడిగి పెట్టుకున్నా. ఆడిటర్ టీడీఎస్ పని మొదలుపెట్టారు, ఆలస్యానికి కొంచెం వడ్డీ పడుతుందట. హూడి ఇంటి ఓనర్‌ని ఇంకో పదకొండు నెలలు అడిగాం, సరే అన్నారు.

బాత్‌రూములో టైళ్లు నిన్న పగలగొట్టారు. మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చేశాక, టైళ్లు వేయకముందే ఇంకోసారి నీళ్లు కట్టి చూపించమన్నాను. ఈసారి తాళం నా దగ్గరే ఉంటుంది. గీత దిగిందో లేదో ఇక్కడే రాస్తా.